మాత్రకు ఆదివారం సెలవు

పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్ర ఎన్నాళ్ళకు పనిచేయడం మొదలుపెడుతుందన్న ప్రశ్నకు మా పెదగెడ్డపాలెం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇరవై ఏళ్ళుగా ఒకటే జవాబు ఉండేది. ఆ జవాబు మా ఏ.ఎన్.ఎం. సన్యాసమ్మ నోట్లో ఉండేది, కాగితం మీద లేదు. కాగితం మీద లేని జవాబు ఎంత సరైనదైనా దానికి విలువ ఉండదని నాలాంటి సీనియర్ అసిస్టెంట్లకు వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఇన్నేళ్ళూ నేను పట్టించుకోలేదు. ఆ లోపం సరిదిద్దడానికి వరాహమూర్తిగారు రావలసి వచ్చింది.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మాది సముద్రపు ఒడ్డు. ఇక్కడి మగవాళ్ళు దసరా వెళ్ళగానే పడమటి తీరానికి పోయి, అక్కడి షావుకార్ల పడవల మీద ఆరేడు నెలలు వేట చేస్తారు. సీజన్ అయిపోగానే అందరూ ఒకే రైలెక్కి, ఒకే రోజు ఇంటికి వస్తారు. అందుచేత మా ఊళ్ళో కాన్పులన్నీ ఇంచుమించు జనవరిలోనే జరుగుతాయి. బళ్ళో ఒకటో తరగతి పిల్లలందరికీ ఒకే వారంలో పుట్టినరోజులు. ఈ జనవరి రద్దీ తగ్గించడానికి సన్యాసమ్మ ఏటా ఏప్రిల్ నెలలో మాత్రల అట్టలు సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది.

ఆ ఏడు ఏప్రిల్ తొమ్మిదో తారీఖు, గురువారం, మైలపల్లి పోలమ్మ మా ఆస్పత్రికి వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. పెద్దవాడికి మూడేళ్ళు, చిన్నదానికి పద్నాలుగు నెలలు, రెండూ కోత కాన్పులే. రెండోసారి టౌన్ ఆస్పత్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. మూడేళ్ళలోపు మళ్ళీ కడుపొస్తే తల్లి దక్కదని, ఆపరేషన్ చేసేద్దామంటే ఒంట్లో రక్తం లేదని. పోలమ్మకు ఇక మిగిలింది మాత్రే.

"అమ్మా, ఇయ్యాల ఏసుకుంటే ఇది ఎన్నాళ్ళకి పనిచేస్తాది?" అని అడిగింది సన్యాసమ్మను.

"నీకు నెలసరి ఎప్పుడొచ్చిందే?"

"పది దినాలైపోనాది."

"అలాగైతే ఇయ్యాల్టి నుండి రోజుకొకటి సొప్పున ఏసుకో. మొదటి ఏడు దినాలూ నమ్మకం నేదు. ఎనిమిదో దినం నుండి నీకు బయ్యం నేదు. నెలసరొచ్చిన అయిదు దినాల్లోపు మొదలెట్టినోళ్ళకి ఆ దినం నుండే పనిచేస్తాది, నీకా టైము దాటిపోనాది. ఒక్క రోజు కూడా మానీకు. సివర్న ఏడు గోదుమరంగువి ఉంటాయి సూడు, అవి రక్తానికి. అయ్యీ ఏసుకో. ఇరవై ఎనిమిది అయిపోతే మర్నాడే కొత్త అట్ట మొదలెట్టాల."

"మా ఆయన ఇరవై ఏడుకొస్తన్నాడు."

"ఇంకా బోల్డు టైముంది."

మొత్తం ఒక్క నిమిషం పట్టింది. పోలమ్మ మొహం తేటపడింది. అట్ట కొంగున కట్టుకుని లేవబోయింది. అప్పుడు మా హాజరు పట్టీ తనిఖీ చేస్తున్న వరాహమూర్తిగారు కళ్ళజోడు తీశారు.

వరాహమూర్తిగారు మా డివిజన్ కుటుంబ సంక్షేమాధికారి. కొత్తగా వచ్చారు. డాక్టరు కాదు, పరిపాలన వైపు మనిషి. అంతకుముందు తూనికలు, కొలతల శాఖలోనూ, దానికి ముందు సర్వే శాఖలోనూ చేశారు. ఏ శాఖకు వెళ్ళినా అక్కడి పని తెలియకపోవడం ఆయనకు ఎన్నడూ అడ్డు కాలేదు. మా డాక్టరుగారిని అప్పటికే ఎన్నికల ఏర్పాట్లకు లాగేసుకున్నారు గనక ఆస్పత్రిలో ఆయన మాటకు ఎదురు లేదు.

"ఏడు రోజులు అన్నారు. ఏ రోజులు?" అన్నారు.

"రోజులంటే రోజులే సార్," అంది సన్యాసమ్మ.

"క్యాలెండరు రోజులా, పనిదినాలా?"

సన్యాసమ్మ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

"ఈ మాత్ర ఎవరు సరఫరా చేస్తున్నారు?" అని ఆయన నన్ను అడిగారు.

"ప్రభుత్వం సార్."

"ప్రభుత్వానిది ఏదైనా సెలవు రోజున పనిచేయడం మీ సర్వీసులో చూశారా?"

ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. నిజం చెప్పవలసి వస్తే చూడలేదు. ఆ మాటే చెప్పాను. ఇంత తేలిక విషయం ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదా అని నామీద నాకే కోపం వచ్చింది.

"మాత్ర కడుపులోకి ఎళ్ళిపోనాక దానికి ఇయ్యాల ఆదోరమని ఎవులు సెప్తారు సార్?" అంది సన్యాసమ్మ.

"అందుకే కదమ్మా ఉత్తర్వులిస్తున్నాం," అన్నారాయన ఓపిగ్గా.

ఉత్తర్వు ఆ సాయంత్రమే వచ్చింది. "గర్భనిరోధక మాత్రలు సేవించుట ప్రారంభించిన తేదీ నుండి ఏడు పనిదినములు ముగిసిన పిదప మాత్రమే సదరు మాత్రలు అమలులోకి వచ్చినట్లు పరిగణించవలెను. ఆదివారములు, రెండవ శనివారములు, ప్రభుత్వ సెలవు దినములు ఇందు నిమిత్తం లెక్కలోనికి రావు. క్షేత్రస్థాయి సిబ్బంది ఇందుకు భిన్నముగా మౌఖిక ప్రకటనలు చేయరాదు." ఆఖరి వాక్యం సన్యాసమ్మ కోసం. దాన్ని ఆమెకు చదివి వినిపించి, అందినట్టు సంతకం తీసుకున్నాను.

పోలమ్మను మర్నాడు పిలిపించి లెక్క చెప్పాను. మర్నాడు గుడ్ ఫ్రైడే అయినా ఇది అత్యవసరమని ఆఫీసు తెరిచాను. గురువారం ఒకటి. శుక్ర, శని, ఆదివారాలు సెలవు. సోమవారం రెండు. మంగళవారం అంబేద్కర్ జయంతి. బుధ, గురు, శుక్ర, శనివారాలకు ఆరు. ఆదివారం పోను సోమవారానికి ఏడు. ఇరవయ్యో తారీఖు ఆఫీసు వేళలు ముగియగానే మాత్ర అమల్లోకి వస్తుంది.

"మరి సిస్టరమ్మ పదహారుకే బయ్యం నేదన్నాది?"

"ఆవిడ అన్నది మౌఖికం."

పోలమ్మకు ఆ మాట అర్థం కాలేదు. ఇరవై ఏడుకింకా వారం ఉంది కదా అని తలూపి వెళ్ళిపోయింది. మొదటి ఉత్తర్వు వల్ల నిజానికి ఎవరికీ నష్టం లేదు. రెండోదానితోనే చిక్కొచ్చింది.

రెండో ఉత్తర్వు సోమవారం వచ్చింది. వరాహమూర్తిగారు ఒక ఆలోచనను సగంలో వదిలే మనిషి కాదు. సెలవు రోజున మాత్ర పనిచేయదు. పనిచేయని రోజున మాత్ర వేసుకుంటే మాత్ర వృథా. ప్రభుత్వ ధనంతో కొన్న మందు వృథా చేయడం నేరం. కనుక సెలవు రోజుల్లో ఎవరూ మాత్ర వేసుకోకూడదు, ఆ విధంగా ఆదా అయిన మాత్రలను నెలాఖరున కార్యాలయానికి వాపసు చేయాలి. వాపసు తీసుకున్నందుకు నేను రశీదు ఇవ్వాలి.

ఉత్తర్వు చదివాక సన్యాసమ్మ ఏమీ అనలేదు. ఇంతకాలం నోరు మూసుకోని మనిషి నోరు మూసుకుంటే నాకు అనుమానం రావలసింది, రాలేదు. ఆమె ఆ సాయంత్రం సంచి భుజాన వేసుకుని చేపలు ఎండేసే దిబ్బ దగ్గరికి వెళ్ళిందనీ, ఊళ్ళో మాత్రలు వేసుకునే నలభై ముగ్గురు ఆడవాళ్ళనూ కూచోబెట్టి, "ఆదోరం నేదు, పండగ నేదు, రోజూ రేత్రి అన్నం తినీసి ఏసుకోండి. ఆపీసు బాబుకి తిరిగియ్యడానికి సివర్న గోదుమరంగువి ఏడున్నాయి గాదా," అని చెప్పిందనీ నాకు చాలా తర్వాత తెలిసింది.

నెలాఖరున ఆడవాళ్ళందరూ వరసగా వచ్చి తలా ఏడు మాత్రలు వాపసు చేశారు. తొమ్మిదో తారీఖు నుంచి ఇరవై ఎనిమిది రోజుల్లో సెలవులు సరిగ్గా ఏడు. అట్టలు ఇంకా పూర్తి కాకపోయినా రాబోయే ఆదివారం మాత్రను ముందుగానే ఇచ్చేశారు, అంత క్రమశిక్షణ. మాత్రలన్నీ గోధుమరంగులో ఉన్నాయి. నేను గమనించాను. ఫారంలో రంగుకు గడి లేదు గనక ఎవరినీ అడగలేదు. మా డివిజన్‌లో మాత్రల ఆదా గురించి వరాహమూర్తిగారికి పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

కానీ కథ నెలాఖరుదాకా వెళ్ళిపోయింది. పదిహేనో తారీఖుకు వెనక్కి రావాలి. ఆ రోజు ఎన్నికల నోటిఫికేషన్ వెలువడింది.

పొద్దున్నే వరాహమూర్తిగారు ఫోన్ చేశారు. "ప్రకాశరావుగారూ, ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చింది. ఈ కాలంలో ప్రజలకు కొత్తగా ఏ ప్రయోజనమూ చేకూరకూడదు. గర్భం రాకుండా ఉండడం ప్రయోజనమా, కాదా?"

"ప్రయోజనమే సార్."

"నోటిఫికేషన్ నాటికి ఏడు పనిదినాలు పూర్తయినవాళ్ళు ఎందరు?"

రిజిస్టరు చూశాను. ఒక్కరూ లేరు. పోలమ్మకు రెండు దినాలే అయ్యాయి.

"అయితే మిగిలిన దినాలు జూన్ ఎనిమిదిన నియమావళి ఎత్తేశాక లెక్కలోకి వస్తాయి. అంతవరకూ డివిజన్‌లో ఏ మాత్రా అమల్లో లేనట్టే," అన్నారాయన. ఆయన గొంతులో విచారం లేదు. ఒక అధికారి తన కళ్ళముందే ఒక నిబంధన మరో నిబంధనతో చక్కగా అతుక్కోవడం చూసినప్పుడు ఉండే తృప్తి ఉంది.

"మరి ఇరవై ఏడో తారీఖున మగవాళ్ళొస్తున్నారు సార్," అన్నాను.

"ఎంతమంది?" అన్నారాయన.

"మాత్రలు వేసుకునే ఇళ్ళవాళ్ళు నలభై ముగ్గురు."

"మీ ఊళ్ళో తుఫాను ఆశ్రయ భవనం ఉందా?"

ఉంది. రెండంతస్తుల భవనం, గుండ్రంగా ఉంటుంది, తుఫాను వస్తే ఊరంతా పడుతుంది. వాతావరణం బాగా ఉన్న రోజున దాన్ని తెరిపించడానికి రెవెన్యూవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. రాబోయేది జనాభాకు సంబంధించిన విపత్తని వరాహమూర్తిగారు మూడు పేజీలు రాశాక తాళాలిచ్చారు.

ఇరవై ఏడో తారీఖు మధ్యాహ్నం స్టేషన్ నుంచి ఆటోలు వరసగా వచ్చాయి. మగవాళ్ళు సంచులతో, ప్లాస్టిక్ బొమ్మలతో, చీరల ప్యాకెట్లతో దిగారు. నేను ఊరి మొదట్లో బల్ల వేసుకుని జాబితాతో కూచున్నాను. భార్యల మాత్రలు అమల్లోకి వచ్చేవరకు భర్తలు ఆశ్రయ భవనంలో బస చేయాలని చదివి వినిపించాను. భోజనం, చాప, దుప్పటి ప్రభుత్వమే ఇస్తుంది. సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు భార్యాబిడ్డలు వచ్చి మూడు మీటర్ల దూరం నుంచి చూసి వెళ్ళవచ్చు. ఆ దూరం కొలవడానికి వరాహమూర్తిగారు తన పాత శాఖ నుంచి ఒక టేపు కూడా పంపారు.

పోలమ్మ భర్త తాతారావు జాబితాలో పదకొండోవాడు. నల్లగా, పొడుగ్గా, నెమ్మదైన మనిషి.

"నానేటి నేరం సేసినాను బాబూ?"

"నేరం కాదు. నిరీక్షణ."

"నానెళ్ళినప్పుడు మా గుంట కూకోనేకపోయీది. ఇప్పుడు నడస్తందంట. దగ్గిరికి తీసుకోవొద్దా?"

"మూడు మీటర్లంటే ఎక్కువ దూరమేం కాదు. నడక బాగా కనిపిస్తుంది," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు బాధపడుతున్నాను. అప్పుడు మాత్రం ఓదార్చాననే అనుకున్నాను.

వాళ్ళు తిరగబడతారని భయపడ్డాను. తిరగబడలేదు. ఏడు నెలలు ఇంకొకళ్ళ పడవ మీద ఇంకొకళ్ళ మాట విన్నవాళ్ళు, రెండు రోజులు కాస్త మా మాట కూడా విన్నారు. సాయంత్రం భార్యలు పిల్లల్ని తీసుకుని వచ్చారు. నేను టేపు పట్టి సుద్దగీత గీశాను. పోలమ్మ కూతురు గీత దగ్గరికి తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, అవతలున్న మనిషి ఎవరో తెలియక ఏడ్చింది. తాతారావు గీత ఇవతల ఒక ప్లాస్టిక్ పడవ పెట్టి వెనక్కి జరిగాడు. ఆ పిల్లకు వయసు చాలదు గనక దానికి నిబంధన వర్తించదని నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున్న ఏడింటికి వరాహమూర్తిగారు ఆకస్మిక తనిఖీకి వచ్చారు. లెక్కపెట్టారు. నలభై రెండు. వెనక కిటికీ ఊచ ఒకటి వంగి ఉంది.

తాతారావు కోసం వెతకనక్కర్లేకపోయింది. ఇంటి ముందు పీట మీద కూచుని కూతురికి గంజి తాగిస్తున్నాడు. రాత్రి పిల్లకు జ్వరం వచ్చిందట. పోలమ్మ గుమ్మంలో నిలబడింది. అధికారిని చూసి చెంగు సవరించుకుంది.

"ఎప్పుడు వచ్చావు?" అన్నారు వరాహమూర్తిగారు.

"రేత్రి బాబూ. గుంటకి ఒళ్ళు కాలిపోతంటే ఎలాగుంటాను."

"ఎక్కడున్నావు?"

"ఏటి బాబూ ఆ మాట? ఈ ఇంటిలోనే ఉన్నాను."

వరాహమూర్తిగారు నా వైపు తిరిగారు. "భర్త రాత్రంతా ఇంట్లో ఉన్నాడు. భార్య మాత్ర అమల్లో లేదు. ఈ రెండు వాక్యాలూ కలిపి చదివితే ఏమొస్తుంది ప్రకాశరావుగారూ?"

"గర్భం సార్," అన్నాను. తర్కం ప్రకారం వేరే జవాబు లేదు.

అక్కడికక్కడే నోట్ చేయించారు. మైలపల్లి పోలమ్మ, ఏప్రిల్ ఇరవై తొమ్మిది నుంచి గర్భవతిగా భావించబడును. ఆమెను గర్భిణుల రిజిస్టరులో చేర్చి కార్డు ఇవ్వవలెను. కాన్పు జనవరి ఇరవైన జరుగవలెను. గర్భం ఎలాగూ వచ్చేసింది గనక తాతారావును ఇంటి దగ్గరే వదిలేశారు.

ఆ మర్నాటికి మిగతా నలభై ఇద్దరూ కూడా అదే కిటికీలోంచి ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆయన తనిఖీలో వాళ్ళు ఉన్నారు గనక రికార్డులో వాళ్ళు ఉన్నారు. నేను రోజూ ఆఫీసులోనే కూచుని, వాళ్ళందరికీ హాజరు వేశాను. ఆ విధంగా ఊరందరి భార్యలూ భద్రంగా ఉన్నారు. ఒక్క పోలమ్మకే కడుపొచ్చింది.

మే నాలుగున సన్యాసమ్మ సైకిలు మీద డివిజన్ ఆఫీసుకు వెళ్ళింది. నేనూ ఫైలుతో అక్కడే ఉన్నాను.

"సార్, పోలమ్మకి కడుపు నేదు. నిన్ననే నెలసరొచ్చింది."

"ఎవరి అనుమతితో?" అన్నారు వరాహమూర్తిగారు.

"మూత్ర పరీక్ష కూడా సేసినాను. కావాలంటే మీ ఎదురుగానే మళ్ళీ సేస్తాను."

"అమ్మా, పరీక్ష అనేది ఒక అభిప్రాయం. రికార్డు అనేది వాస్తవం. అభిప్రాయం ఆధారంగా వాస్తవాన్ని మార్చలేం. అభిప్రాయాన్నే వాస్తవానికి అనుగుణంగా సవరించుకోవాలి."

"ఆమె అట్ట ఆరుకి అయిపోతాది సార్. ఏడో తారీకుని కొత్తది మొదలెట్టాల. నేకపోతే ఈ మందంతా బూడిదలో పోసినట్టే. తాతారావు ఇంటికాడే ఉన్నాడు. పొరపాటున కడుపొస్తే ఆ పిల్ల బతకదు."

"పొరపాటున ఎలా వస్తుంది? వచ్చే ఉంది కదా. గర్భవతికి గర్భనిరోధక మాత్రలు ఇవ్వడం ఎంత ప్రమాదమో మీకు తెలియదా? నర్సు అయి ఉండి ఈ మాట అడుగుతున్నారు."

రికార్డును శంకించినందుకు సన్యాసమ్మకు మెమో ఇచ్చి, పోలింగు పనికి వేరే మండలానికి పంపేశారు. ఆమె దగ్గరున్న అట్టలన్నీ నాకు అప్పగించింది. వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాను; రికార్డులో గర్భం లేనివాళ్ళు వస్తేనే తీసి ఇచ్చేవాణ్ణి. పోలమ్మ టౌన్‌కు వెళ్ళి మందుల షాపులో అడిగితే డాక్టరు చీటీ తెమ్మన్నారట. డాక్టరుగారు ఎన్నికల్లోనే ఉన్నారు.

అప్పుడు నాకు మొదటిసారి నిద్ర పట్టలేదు. పోలమ్మ చచ్చిపోతుందేమోనని భయం వేసింది. ఆమె చనిపోతే ఏ నిబంధన ప్రకారం చనిపోయిందో నాకే పూర్తిగా తెలుసు, ఎందుకంటే ఆ కాగితాలన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. అలాగని ఉత్తర్వును ధిక్కరించే ధైర్యం నాకు లేదు. ఉన్నవాణ్ణయితే సీనియర్ అసిస్టెంట్ అయ్యేవాణ్ణి కాను. కనుక నాకు తెలిసిన పనే చేశాను. గర్భిణుల రిజిస్టరు నిబంధనలు మొదటి పేజీ నుంచి చదివాను.

ఆ రిజిస్టరులో ఎక్కిన మనిషి బయటికి రావడానికి మూడు దారులున్నాయి. ఒకటి కాన్పు. అది జనవరిలో గాని కుదరదు, పైగా కాన్పయ్యాక పాలిచ్చే తల్లికి ఆర్నెల్ల వరకు ఈ మాత్ర ఇవ్వకూడదు. రెండోది మరణం. మూడోది గర్భస్రావం. గర్భస్రావం అయినవాళ్ళకు అదే రోజు నుంచి మాత్రలు ఇవ్వవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

మే ఏడో తారీఖు పోలింగు. సెలవు. పోలమ్మ ఓటు వేసి నేరుగా ఆస్పత్రికి వచ్చింది, నేను రమ్మని కబురు పెట్టాను. తాతారావు కూతుర్ని ఎత్తుకుని బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. లోపల నేనూ ఆమే. ఫారం ముందు పెట్టాను. నింపడం అంతకుముందే అయిపోయింది. ఆమె వేలిముద్ర ఒక్కటే మిగిలింది.

"ఏటి రాసినారు బాబూ?"

చెప్పాను. ఆమె చాలాసేపు ఫారం వంక చూసింది. చదువు రాదు.

"నా కడుపులో బిడ్డ సచ్చిపోనాదని నానే సెప్పాలా?"

"కాగితం మీదే."

"నేని బిడ్డని నానెలా సంపుకుంటాను బాబూ? ఇద్దర్ని కన్నాను. కోసి తీసినారు. ఆ నొప్పి నాకు తెల్దా?"

ఆ పూట నాకు మాట సాయం చేసే ఉత్తర్వు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఇది ఎయ్యకపోతే మందివ్వరా?"

"ఇవ్వలేను."

బయట చిన్నపిల్ల నవ్వింది. పోలమ్మ అటు చూసింది. తర్వాత ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది. చూపుడువేలు మీద ఓటు సిరా ఇంకా తడిగానే ఉంది. బొటనవేలికి నేను ఇంకో సిరా అద్దాను. ఆమె గట్టిగా ముద్ర వేసింది. బీరువా తీసి అట్ట ఇచ్చాను. ఇంటిదాకా ఆగలేదు, అక్కడే మొదటి మాత్ర తీసి, కూజాలో నీళ్ళు వంచుకుని మింగేసింది. చెంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది.

నేను చాలా గొప్ప ఉపాయం పన్నాననుకున్నాను. వారం తిరక్కుండా వరాహమూర్తిగారి నుంచి మెమో వచ్చింది. "శ్రీమతి మైలపల్లి పోలమ్మ గర్భస్రావ నివేదిక అందినది. శాఖ తరపున ప్రగాఢ సంతాపం తెలియజేయడమైనది. అయితే సదరు వ్యక్తి భర్త ఇంటనే ఉన్నందునను, మాత్ర నియమావళి కారణముగా అమలులో లేనందునను, మే ఎనిమిదవ తేదీ నుండి ఆమె పునః గర్భవతిగా భావించబడును."

చదివి రిజిస్టరు తీశాను. పోలమ్మ పేరు మళ్ళీ ఎక్కించాను. వరసగా రెండు గర్భాలు, మధ్యలో ఒక స్రావం. అటువంటి తల్లుల పేర్లు ఎర్ర సిరాతో రాయాలి, రాశాను.

సన్యాసమ్మ పోలింగు పని నుంచి తిరిగొచ్చి ఆ పేజీ చూసింది. "ఆ పిల్లకి ఒంట్లో బాగున్నాది గదా?" అని ఒక్క మాట అడిగింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. రక్తం ఒక పాయింటు పెరిగింది. రోజూ సాయంత్రం తాతారావుతో కలిసి కూతుర్ని నడిపించుకుంటూ ఒడ్డుకు వెళ్ళేది. వాపసు చేసిన గోధుమరంగు మాత్రలు నా బీరువాలో మూడువందల ఒకటి ఉన్నాయి. వాటిలోంచి ఆమెకు రోజుకొకటి సన్యాసమ్మ తీసుకుపోతుంటే నేను కిటికీలోంచి సముద్రం చూసేవాణ్ణి.

రెండో అట్ట జూన్ మూడుకు అయిపోయింది. నాలుగో తారీఖు పొద్దున్నే పోలమ్మ వచ్చింది. నియమావళి ఎత్తేయడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి, ఆ తర్వాత మిగిలిన అయిదు పనిదినాలు. వెనక్కి పంపే వీల్లేదు. నేను సొరుగులోంచి ఫారం తీశాను. పోయిన నెల ఎంతసేపు నచ్చజెప్పవలసి వచ్చిందో గుర్తొచ్చి, ఈసారి ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. నేను నోరు తెరవకముందే ఆమె కుర్చీ లాక్కుని కూచుని, ఎడమచేతి బొటనవేలు ముందుకు చాచింది.

సిరా అద్దాను. చాలా సిగ్గేసింది. ఆమె ముద్ర వేసి, వేలు జుట్టుకు రాసుకుంటూ ఫారం వంక చూసింది.

"ఈసారి పోయింది ఆడగుంటా, మొగగుంటడా బాబూ?" అని అడిగింది. నవ్వలేదు.

ఫారం ఇటూ అటూ తిప్పి చూశాను. దానికి గడి లేదు.